కచేరీలో సగం శ్రోతది



ఈ పూట మీతో ఒక కచేరీ పద్ధతి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. వేదిక మీద ఒకటే వాద్యం, దాని ముందు ఒకే ఒక్క మనిషి. పక్కవాద్యాలు లేవు, తాళం వేసేవారు లేరు, మైకు కూడా లేదు. దాన్ని పియానో రిసైటల్ అంటారు. ఆ కచేరీని కెనడా దేశం ఎంత ఎత్తుకు తీసుకెళ్లిందో, ఆ దేశంలోనే పుట్టిన ఒక మహా కళాకారుడు దాన్ని ఎందుకు వదిలేశాడో చెబుతాను. అలా వదిలేసిన మనిషి మనలాంటి శ్రోతల చేతికి ఏమిచ్చి వెళ్లాడన్నది నా ప్రసంగంలో అసలు విషయం.

మన కచేరీలు గుర్తు తెచ్చుకోండి. పాడేవారి పక్కన వయొలిన్ ఉంటుంది, మృదంగం ఉంటుంది, వెనక తంబూరా శ్రుతి నిలబెడుతూ ఉంటుంది. గాయకుడు గుక్క తిప్పుకునే లోపల వయొలిన్ అందుకుంటుంది. తని ఆవర్తనం వచ్చేసరికి కచేరీ బరువంతా మృదంగం మోస్తుంది. శ్రోతలు తొడ మీద తాళం వేస్తారు, మంచి సంగతి పడితే 'భళా' అంటారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్‌ను ప్రధాన వాద్యంగా చేసి వేదిక మధ్యలో కూర్చోబెట్టినప్పుడు కూడా ఆయన పక్కన మృదంగం ఉంది. పియానో కచేరీలో ఆ తోడేదీ ఉండదు. గంటన్నర, రెండు గంటలపాటు వేల స్వరాలను కాగితం చూడకుండా, జ్ఞాపకం నుంచి వాయించాలి. ఎక్కడ తడబడినా ఆదుకునేవారు లేరు.

ఈ పద్ధతి అనాదిగా ఉన్నదేమీ కాదు. 19వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో కచేరీ అంటే కలగూర వ్యవహారం. ఒక గాయని రెండు పాటలు పాడేది, ఆర్కెస్ట్రా ఒక అంశం వాయించేది, మధ్యలో పియానో కళాకారుడు వచ్చి తన వంతు ముగించుకుని వెళ్లేవాడు. హంగరీలో పుట్టిన ఫ్రాంజ్ లిస్ట్ 1839లో రోమ్‌లో మరెవరినీ పిలవకుండా కచేరీ మొత్తం తానొక్కడే వాయించాడు. మరుసటి ఏడు లండన్‌లోనూ అదే చేశాడు. నొటేషన్ ముందు పెట్టుకోకుండా వాయించడం ఆయన వల్ల, క్లారా షూమన్ వల్ల అలవాటుగా మారింది. ఇవాళ టొరంటోలోనో మాంట్రియల్‌లోనో పియానో ముందు ఒంటరిగా కూర్చుంటున్న కళాకారులందరూ ఆ బాటలో నడుస్తున్నవారే.

పియానో గురించి ఒక్క మాట చెప్పుకోకపోతే ఈ కళలోని కష్టం అర్థం కాదు. దానికి 88 మెట్లు ఉంటాయి. మెట్టు నొక్కితే లోపల ఫెల్టు తొడిగిన చిన్న సుత్తి లేచి తీగను కొట్టి వెనక్కి పడిపోతుంది. ఆ దెబ్బ పడిన క్షణం నుంచి నాదం తగ్గిపోవడం మొదలవుతుంది. గాయకుడిలా దాన్ని పెంచలేరు, వీణలోలా తీగను లాగి గమకం పలికించలేరు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడమన్నదే ఆ వాద్యంలో లేదు. మన చెవికి ఇది పెద్ద లోటుగా తోస్తుంది. ఆ లోటులోంచే వారి విద్య పుట్టింది. ఏ వేలు ఎంత బరువుతో దిగాలి, ఒక స్వరం మీద నుంచి వేలు ఎప్పుడు లేవాలి, పాదం కింది పెడల్ ఎంతసేపు తొక్కి ఉంచాలి, ఈ మూడింటి మీదే వారి సాధనంతా సాగుతుంది. ఆరిపోతున్న నాదాలను వరసగా పేర్చి, అవి ఒకే పాటగా సాగుతున్నట్టు మన చేత నమ్మించగలవారే గొప్ప పియానో విద్వాంసులు.

ఇక కెనడాకు వద్దాం.

గ్లెన్ గూల్డ్ 1932 సెప్టెంబర్ 25న టొరంటోలో పుట్టాడు. తండ్రిది ఉన్ని తోళ్ల వ్యాపారం. తొలి గురువు తల్లి ఫ్లోరెన్స్. పదేళ్ల వయసులో కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయంలో చేరి, చిలీ నుంచి వచ్చి స్థిరపడిన ఆల్బెర్టో గెర్రేరో దగ్గర విద్య నేర్చుకున్నాడు. 1947 అక్టోబర్ 20న, పదిహేనేళ్ల కుర్రవాడిగా తన మొదటి పెద్ద రిసైటల్ ఇచ్చాడు. వేదిక ఈటన్ ఆడిటోరియం. టొరంటోలో కాలేజ్ స్ట్రీట్ మీద ఈటన్స్ అనే పెద్ద దుకాణం ఉండేది. దాని ఏడో అంతస్తులో ఉన్న హాలు అది. ఈ హాలు పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1955 జనవరిలో న్యూయార్క్ టౌన్ హాల్‌లో వాయించాడు. మర్నాడే కొలంబియా రికార్డుల కంపెనీ ఆయనతో ఒప్పందానికి సిద్ధపడింది. ఏం రికార్డు చేస్తావని అడిగితే ఆ 22 ఏళ్ల యువకుడు స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అన్నాడు. 1741లో అచ్చయిన రచన అది. పియానోకు రాసింది కూడా కాదు, రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డ్‌కు రాసింది. ఒక్క వరసే ఉన్న పియానో మీద దాన్ని వాయించబోతే రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అప్పట్లో జనం పెద్దగా వినేది కూడా కాదు. అయినా గూల్డ్ పట్టు విడవలేదు. 1956 జనవరిలో ఆ రికార్డు విడుదలై ప్రపంచమంతా ఆయన పేరు మారుమోగింది.

ఆ రచన కట్టడం తెలుగు శ్రోతకు తేలిగ్గానే అందుతుందని నా నమ్మకం. మొదట ఏరియా అనే నిదానమైన చిన్న అంశం. దాని అడుగున మంద్రంలో ఒక స్వరక్రమం నడుస్తుంది. ఆ తర్వాత వచ్చే 30 అంశాలూ పై రాగం మీద కాకుండా ఆ మంద్ర స్వరక్రమం మీదే లేస్తాయి. పల్లవిలో ఒకే సాహిత్యాన్ని పట్టుకుని నెరవు చేస్తున్నప్పుడు మన మనసు లోపల ఆ పల్లవిని మోస్తూనే ఉంటుంది కదా. ఇక్కడా అంతే, పైన ఎన్ని రూపాలు మారినా అడుగున ఉన్న నడకను చెవి పట్టుకుని ఉండాలి. చివరిది తప్ప ప్రతి మూడో అంశంలోనూ ఒక స్వరపంక్తి బయలుదేరితే మరొకటి దాన్నే అనుకరిస్తూ వెంటపడుతుంది. చివర మళ్లీ ఏరియా, ఒక్క స్వరమూ మారకుండా. స్వరాలు అవే అయినా మనకు అలా వినిపించదు. మధ్యలో 30 అంశాలు విని వచ్చిన చెవి మనది.

బాఖ్ సంగీతంలో రెండు, మూడు, నాలుగు పాటలు ఒకేసారి నడుస్తాయి. మన సంగీతం ఒకే గొంతులో ఎంత లోతుకైనా దిగుతుంది. ఆ సంగీతం అనేక గొంతులను పక్కపక్కన నడిపించి వాటి మధ్య పొత్తు చూపిస్తుంది. గూల్డ్ వాయిస్తుంటే ఆ గొంతులు దేనికది విడిగా వినిపిస్తాయి. ఎడమచేతి చిటికెన వేలికీ ఒక గొంతు ఉంటుంది. వాయిస్తూ తాను గొణుక్కునేవాడు, ఆ కూనిరాగం రికార్డుల్లో కూడా పడింది. కాళ్లు కోసి పొట్టిగా చేసి తండ్రి ఇచ్చిన మడతకుర్చీలో, నేలకు 14 అంగుళాల ఎత్తున కూర్చుని, మెట్ల దగ్గరికి మొహం దించి వాయించేవాడు. ఆ కుర్చీ చిరిగి చట్రం మిగిలినా జీవితాంతం మరో కుర్చీ ఎక్కలేదు.

1957 మేలో ఆయన సోవియట్ దేశం వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఉత్తర అమెరికా నుంచి అక్కడికి వెళ్లి వాయించిన మొదటి పియానో కళాకారుడాయన. మాస్కోలో తొలి కచేరీకి హాలు నిండలేదు, ఈ కెనడా కుర్రవాడెవరో అక్కడ ఎవరికీ తెలియదు. మొదటి భాగంలో బాఖ్ విన్నవారు విరామంలో టెలిఫోన్ల దగ్గరికి పరుగెత్తి తెలిసినవారందరినీ రమ్మన్నారు. రెండో భాగానికి హాలు కిక్కిరిసింది. ప్రకటనలు చేయలేని పని శ్రోతలు చేశారు.

అదే ప్రయాణంలో గూల్డ్ స్వయంగా శ్రోతగా కూర్చున్న రాత్రి ఒకటుంది. మాస్కో కన్సర్వేటరీలో పియానో విద్వాంసుడు స్వియతొస్లావ్ రిక్టర్ రిసైటల్. అందులో షూబర్ట్ రాసిన చివరి సొనాటా ఉంది. చాలా పొడవైన రచన, అందులోని పునరుక్తులు గూల్డ్‌కు అంతకుముందు విసుగు. రిక్టర్ దాన్ని ఎవరూ ఊహించనంత నిదానంగా ఎత్తుకున్నాడు. తాను ఆ గంటసేపూ మంత్రముగ్ధుడిలా ఉండిపోయానని గూల్డ్ తర్వాత ఒక చిత్రంలో చెప్పాడు. కచేరీ హాలు ఏమివ్వగలదో ఆయనకు తెలియదని ఎవరూ అనడానికి లేదు. తెలిసే వదిలాడు.

1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో బాఖ్, బేథోవెన్, హిండెమిత్ రచనలు వాయించాడు. అప్పటికి ఆయన వయసు 31. ఆ తర్వాత జనం ముందు మళ్లీ కచేరీ చేయలేదు. ఆయన జీవితం మొత్తం మీద ఇచ్చిన కచేరీలు 200 లోపే. ప్రపంచంలో ఏ నగరమైనా పిలవడానికి సిద్ధంగా ఉన్న కాలంలో, కీర్తి శిఖరం మీద ఉండగా ఆ తలుపు మూసేశాడు.

ఎందుకు? విమాన ప్రయాణాలంటే భయం, చలి అంటే భయం, ఆరోగ్యం మీద బెంగ, ఇవన్నీ నిజమే. అసలు కారణాన్ని మాత్రం ఆయనే పలుమార్లు రాశాడు. కచేరీ హాలు ఒక పోటీ మైదానమైపోయిందని ఆయన బాధ. ఎక్కడ జారిపడతాడోనని చూసే కళ్లు, ఎంత వేగంగా వాయిస్తాడోనని లెక్కగట్టే చెవులు, వీటి మధ్య కళాకారుడు సంగీతానికి బదులు చప్పట్ల కోసం వాయించడం నేర్చుకుంటాడని ఆయన అభిప్రాయం. చప్పట్లే ఉండకూడదని వాదిస్తూ 1962లో ఒక వ్యాసం కూడా రాశాడు.

ఆయనకు మైక్రోఫోన్ మీద మమకారం చిన్ననాడే కలిగింది. 1950 డిసెంబర్ 24న, 18 ఏళ్ల వయసులో, కెనడా జాతీయ ప్రసార సంస్థ సీబీసీ రేడియోలో మొదటిసారి రిసైటల్ ఇచ్చాడు. మొజార్ట్, హిండెమిత్ వాయించాడు. ఆ స్టూడియో పియానోకు మంద్రం మరీ మొద్దుగా ఉండేది. ప్రసారం చేసిన డిస్కును ఇంటికి తెచ్చుకుని, వినే యంత్రం మీద బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి చూశాడు. స్టూడియోలో తాను కోరుకున్నా రాని నాదం అప్పుడు వచ్చింది. వినేవాడు కూడా సంగీతాన్ని తీర్చిదిద్దగలడన్న ఆలోచన ఆయనకు ఆ రోజే తట్టింది. 1966లో రికార్డింగ్ భవిష్యత్తు గురించి రాసిన పెద్ద వ్యాసంలో ఆయన నిలబెట్టిన వాదం ఇదే. ఇంట్లో ఏకాంతంగా కూర్చుని వినే మనిషి సోమరి కాడు, ఆ సంగీతంలో భాగస్వామి.

రేడియోలో ఆయన చేసిన పని పియానోతో ఆగలేదు. 1965లో మానిటోబాలోని చర్చిల్ దాకా ఉత్తరానికి రైల్లో వెళ్లాడు. ఆ ఉత్తర దేశం గురించి ఒక నర్సు, ఒక సర్వేయరు, ఒక ప్రభుత్వోద్యోగి, మరిద్దరు చెప్పిన మాటలు రికార్డు చేసి, ఆ గొంతులను బాఖ్ సంగీతంలోలాగ ఒకదాని మీద ఒకటి నడిపించాడు. ఒకరు మాట్లాడుతుండగానే మరొకరు మొదలుపెడతారు. 'ది ఐడియా ఆఫ్ నార్త్' అనే ఆ కార్యక్రమం 1967 డిసెంబర్ 28న సీబీసీలో ప్రసారమైంది. మాటలను కూడా సంగీతంలా వినమని శ్రోతను అడిగిన కార్యక్రమమది.

ఇక ఈటన్ ఆడిటోరియం. పదిహేనేళ్లప్పుడు జనం ముందు కూర్చున్న ఆ హాలుకే 1970లలో గూల్డ్ తన స్టైన్‌వే పియానోతో తిరిగి వచ్చాడు. సీడీ 318 అనే ఆ పియానో ఆయనకు దొరికిందీ ఈటన్స్‌లోనే. ఈసారి కుర్చీలు ఖాళీ, మైక్రోఫోన్లు మాత్రం ఉన్నాయి. చేసిన రికార్డులు లక్షల ఇళ్లకు చేరాయి. 1977లో అంతరిక్షంలోకి వెళ్లిన వాయేజర్ నౌకల్లోని బంగారు పూత డిస్కులో కూడా ఆయన వాయించిన బాఖ్ ఉంది. 1981లో గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను మళ్లీ రికార్డు చేశాడు. మొదటిది 38 నిమిషాలైతే ఇది 51 నిమిషాలు. 1982 సెప్టెంబర్‌లో అది విడుదలైంది. అక్టోబర్ 4న పక్షవాతం తర్వాత ఆయన కన్నుమూశాడు. వయసు 50 దాటి తొమ్మిది రోజులు. టొరంటో మౌంట్ ప్లెజెంట్ శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద ఆ ఏరియా మొదటి స్వరాలు చెక్కి ఉన్నాయి.

కచేరీ హాలు అంతరించిపోతుందని గూల్డ్ జోస్యం చెప్పాడు. అది నిజం కాలేదు, ఆయన సొంత దేశంలోనే కాలేదు. ఆయన పేరిట 1985లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ బాఖ్ పోటీలో ఒటావా అమ్మాయి ఆంజెలా హ్యూయిట్ గెలిచింది. చర్చి ఆర్గన్ విద్వాంసుడి కూతురు ఆమె. బాఖ్ రచనలను ఖండఖండాలూ తిరిగి వేదికల మీద వాయించి, గూల్డ్ వద్దన్న చోటే బాఖ్‌ను నిలబెట్టింది. మాంట్రియల్‌కు చెందిన మార్క్ ఆంద్రే హామెలిన్, చేతులు మొరాయించేంత కష్టమైన రచనలను సభలో ప్రశాంతంగా వాయిస్తాడు. కాల్గరీలో పుట్టిన యాన్ లిషెట్స్కీ యౌవనంలోనే అంతర్జాతీయ వేదికలెక్కాడు. అదే కాల్గరీలో ఎస్తర్ హోనెన్స్ అనే సంగీతాభిమాని 1991లో ఇచ్చిన 50 లక్షల డాలర్ల విరాళంతో అంతర్జాతీయ పియానో పోటీ ఒకటి నిలబడింది.

2021 అక్టోబర్‌లో వార్సాలో షొపాన్ పియానో పోటీ జరిగింది. గెలిచినవాడు మాంట్రియల్ యువకుడు బ్రూస్ లియు. పారిస్‌లో చైనా దంపతులకు పుట్టి కెనడాలో పెరిగాడు. ఆ పోటీ గెలిచిన మొదటి కెనడియన్. ఆయన గురువు డాంగ్ థాయ్ సాన్ 1980లో అదే పోటీ గెలిచిన మొదటి ఆసియా వాసి. యుద్ధకాలపు వియత్నాంలో పియానో నేర్చుకుని, తర్వాత మాంట్రియల్‌లో స్థిరపడినవాడు. వలస వచ్చినవారి ఇళ్లలో ఈ సంగీతం ఎలా వేళ్లూనుకుందో ఈ గురుశిష్యులను చూస్తే తెలుస్తుంది. ఇది మన తెలుగువారికి దగ్గరి సంగతి.

కెనడాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. మీ పిల్లలు చాలామంది టొరంటో రాయల్ కన్సర్వేటరీ సంగీత పరీక్షలకు కూర్చుంటారు. ఒకటో లెవెల్ నుంచి పదో లెవెల్ దాకా మెట్టుమెట్టుగా ఎక్కుతారు. సంతోషమే. ఆ పిల్లల్లో ఎంతమంది ఒక పూర్తి రిసైటల్‌ను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నారు? పరీక్షకు మూడు అంశాలు వచ్చి, ఆ మూడు తప్ప మరేదీ వినని పిల్లకు సంగీతం ఒక సబ్జెక్టుగానే మిగిలిపోతుంది. అదే కన్సర్వేటరీ ఆవరణలో 2009లో ప్రారంభమైన కోర్నర్ హాల్ ఉంది. 1,135 సీట్లు. చిన్న స్వరం కూడా వెనక వరస దాకా వినిపించేలా కట్టారు. విశ్వవిద్యాలయాల సంగీత శాఖల్లో విద్యార్థుల రిసైటల్స్ చాలాసార్లు ఉచితంగానే జరుగుతాయి. అక్కడికి తీసుకెళ్లండి. రచనలో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదనీ, ఆ నిశ్శబ్దం కూడా రచనలో ఒక అంశమేననీ ముందే చెప్పండి. తాళం మనసులో వేసుకోమనండి.

గూల్డ్ వైపా, హ్యూయిట్ వైపా అని నన్నడిగితే, వారిద్దరూ కోరింది ఒకటేనంటాను. చెదరని వినికిడి. హాల్లో దాన్ని సభామర్యాద మన చేత చేయిస్తుంది. ఇంట్లో మనంతట మనమే చేయాలి, అందుకే అది మరింత కష్టం. తెలుగువారికి ఆ సాధన కొత్త కాదు. 1948 డిసెంబర్‌లో మొదలై, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు గార్లు పనిచేసిన విజయవాడ ఆకాశవాణి కేంద్రం, సభలూ గానమందిరాలూ లేని పల్లెలకు త్యాగరాజస్వామిని చేర్చింది. పంచాయతీ రేడియో ముందు కూర్చున్న రైతు రాగం పేరు తెలియకపోయినా భక్తిరంజని కార్యక్రమం చివరిదాకా విన్నాడు. సీబీసీ స్టూడియోలో కూర్చుని గూల్డ్ ఊహించుకున్న శ్రోత అలాంటివాడే.

ఇవాళ సంగీతం అంతా మన జేబులో ఉంది. వినే ఓపిక మాత్రం తరిగిపోతోంది. పాట మొదలైన అరనిమిషానికే వేలు మరో పాట మీదికి పోతోంది. వేదిక మీద ఒంటరిగా కూర్చున్న కళాకారుడు తన వంతు ఇరవై ఏళ్ల సాధనతో తెచ్చిపెడతాడు. మిగిలిన సగం మన దగ్గరే ఉంది.

కాబట్టి శ్రోతలకు నా మనవి. ఈ వారంలో ఒక సాయంత్రం ఫోను పక్క గదిలో పెట్టి, గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రెండు రికార్డుల్లో ఏదో ఒకటి మొదటి నుంచి చివరిదాకా వినండి. అర్థం కావాలన్న ఆత్రం వద్దు, అడుగున నడిచే మంద్రాన్ని పట్టుకోండి చాలు. కెనడాలో ఉన్నవారు ఈ ఏడాదిలో ఒక్క రిసైటల్‌కైనా టికెట్టు కొనండి, ఇంట్లో పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. శ్రద్ధగా వినే మనుషులు ఉన్నంతకాలం ఈ కళ బతికే ఉంటుంది.